చెరువుతో కలిసి సినిమా తీయడం ఎలా?

మామిడాకు తెరమీద దాదాపు ముప్పావు సెకను కనిపిస్తుంది. వేపాకులోని ఒక రెబ్బ పావు సెకను ఉంటుంది, మూరెడు సాగిన వరి ఆకు రెండు సెకన్లు నిలుస్తుంది, చింతాకు రెబ్బ ఒక్క ఫ్రేములోనే ఇమిడిపోతుంది. కెమెరా లేకుండా, ఆకును నేరుగా ఫిల్ము మీద పరిచి ఎండలో ఉంచినప్పుడు ఆకు పొడవే తెరమీద దాని నిడివి అవుతుంది. ఏ దృశ్యం ఎంతసేపు ఉండాలో నిర్ణయించే అధికారం దర్శకుడి చేతిలోంచి చెట్టు చేతిలోకి వెళ్ళే ఈ మలుపు దగ్గరే, ప్రకృతి గురించి తీసే సినిమాకూ ప్రకృతితో కలిసి తీసే సినిమాకూ తేడా మొదలవుతుంది.

ఈ వ్యాసంలో ఒక ఊరి చెరువుతో కలిసి రెండు మూడు నిమిషాల ప్రయోగాత్మక డాక్యుమెంటరీ తయారుచేసే విధానాన్ని మొదటినుంచి చివరిదాకా వివరిస్తాను. చెరువునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆకు, బురద, గాలి, నీరు అనే నాలుగూ ఒకే చోట దొరుకుతాయి. కట్టమీద అరగంట నడిస్తే వాటన్నిటినీ చూసి రావచ్చు. మీకు చెరువు దగ్గరలో లేకపోతే కాలువగట్టు, మామిడితోట, సముద్రపు ఒడ్డు దేనితోనైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

మొదటి పని: నియమం రాసుకోవడం

ఫిల్ము కొనకముందే ఒక కాగితం మీద నియమాలు రాయండి. ఏది మీరు నిర్ణయిస్తారు, ఏది చెరువు నిర్ణయిస్తుంది అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. బ్రిటన్‌కు చెందిన క్రిస్ వెల్స్‌బీ 1974లో తీసిన ‘సెవెన్ డేస్’ ఇందుకు మంచి ఉదాహరణ. వేల్స్ కొండల్లో ఒక సెలయేటి పక్కన ఏడు రోజులపాటు పది సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున ఆయన చిత్రీకరించారు. ఎండ కాస్తే కెమెరా తన నీడవైపు తిరగాలి, మబ్బు కమ్మితే సూర్యుడివైపు తిరగాలి అన్నది ఆయన పెట్టుకున్న నియమం. అంటే నేలా ఆకాశమా అన్నది మబ్బులు తేల్చాయి. నియమాన్ని నమ్మకంగా పాటించడమే దర్శకుడి పని అయింది.

చెరువు సినిమాకు నేను సూచించే నియమాలు ఇవి. రాలిన ఆకులను, గాలికి తెగిపడిన రెమ్మలను మాత్రమే వాడాలి. ఒక్కో ఫిల్ము ముక్కకు కట్టమీద ఒక్కో చోటు కేటాయించాలి. ఆ ముక్క మీద ఆ చోటున దొరికినదే పడాలి. బాగా రాలేదని ఏ ముక్కనూ పారేయకూడదు. ఈ చివరిది పాటించడమే అన్నిటికంటే కష్టం. అందమైన ముక్కలను మాత్రమే ఏరుకుంటే మిగిలేది మీ అభిరుచే తప్ప చెరువు సాక్ష్యం కాదు. డాక్యుమెంటరీ అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థం ఆ సాక్ష్యమే: ఈ ఆకు, ఈ రోజున, ఈ ఫిల్మును నిజంగా తాకింది.

అనుమతి

ఊరి చెరువు ఎవరిదీ కానట్లు కనిపించినా చాలామందిది. గ్రామ పంచాయతీకి చెప్పండి. చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిదైతే వారినీ అడగండి. బురదలో మీరు పాతే కర్ర వారి వలకు అడ్డం పడకుండా చోటు చూపించగలిగేది వారే. కొల్లేరులాంటి అభయారణ్యాల్లో చిత్రీకరించాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. తొలి ప్రయత్నానికి అలాంటి చోటును ఎంచుకోకండి.

సామగ్రి

16 ఎం.ఎం. సినిమా ఫిల్ము మన దగ్గర సులభంగా దొరకదు కాబట్టి, స్టిల్ కెమెరాల్లో వాడే 35 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్ముతో మొదలుపెట్టండి. గడువు తీరిన ఫిల్ము అయినా సరిపోతుంది, ఎందుకంటే ఈ పద్ధతిలో దాన్ని ఎలాగూ వెలుగులోనే విప్పుతాం. పాత ఫోటో స్టూడియోల బీరువాల్లో ఇప్పటికీ ఒకటో రెండో రీళ్ళు మిగిలి ఉండవచ్చు, అడిగి చూడండి. 36 ఫోటోల రీలు పొడవు సుమారు 1.6 మీటర్లు. సినిమా లెక్కలో నాలుగు రంధ్రాలకు ఒక ఫ్రేము, అంటే 19 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక రీలులో 84 ఫ్రేములు వస్తాయి; సెకనుకు 12 ఫ్రేముల చొప్పున చూపిస్తే ఏడు సెకన్లు. మొదట్లో చెప్పిన మామిడాకు లెక్క ఈ వేగానికి వేసినదే. నూరడుగుల డబ్బా దొరికితే సుమారు 1,600 ఫ్రేములు, అంటే రెండుంబావు నిమిషాల సినిమా అవుతుంది.

రసాయనాల్లో మొదటిది బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్. వంటసోడా దీనికి పనికిరాదు. ఈ రెండింటినీ పొరబడి తెచ్చి, రోజంతా ఆకులు నానబెట్టి, ఏమీ రాలేదని నిరాశపడినవారిలో నేనూ ఉన్నాను. రెండోది విటమిన్ సి పొడి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. మందుల దుకాణంలో దొరికే నారింజ రుచి మాత్రల్లో వేరే పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి, రసాయనాలు అమ్మే దుకాణంలో స్వచ్ఛమైన పొడి తీసుకోండి. మూడోది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్; ఎక్స్‌రే ఫిల్ములకు వాడే ఫిక్సర్ అయినా పరవాలేదు. వీటితోపాటు రబ్బరు చేతితొడుగులు, మూడు ప్లాస్టిక్ ట్రేలు, బట్టల క్లిప్పులు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. చీకటి గది అవసరం లేదు.

ఆకులతో అచ్చు

ఈ పద్ధతికి ‘ఫైటోగ్రామ్’ అనే పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవారు ప్రయోగాత్మక సినిమాకారుడు కారెల్ డోయింగ్. దీని వెనుక ఉన్న రసాయనం మనకు కొత్తదేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో ముంచుతారు. ఆ తరవాత ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన ద్రవంతో గీత గీయగానే అది నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి ఆ నలుపును ఇస్తుంది. ఫిల్ము పూతలో ఇనుముకు బదులు వెండి లవణాలు ఉంటాయి. ఆకుల్లోని వగరు పదార్థాలు, అంటే పాలీఫినాల్స్, సోడా వల్ల క్షారగుణం ఉన్న నీటిలో చురుకై, విటమిన్ సి తోడుతో ఆ లవణాలను నల్లని వెండిగా మారుస్తాయి. రెండు చోట్లా జరిగే చర్య ఒకటే కాదు గానీ, మొక్కల్లోని వగరుతో లోహం చేత నలుపు పలికించడం మన అద్దకం పనివారికి ఎప్పటినుంచో తెలుసు.

లీటరు గోరువెచ్చని నీటిలో మొదట 50 గ్రాముల సోడా పూర్తిగా కరిగించి, తరవాత 15 గ్రాముల విటమిన్ సి కొద్దికొద్దిగా కలపండి. నురుగు వస్తుంది, అది సహజమే. సోడా తెల్లని పొడిగా కాక స్ఫటికాలుగా దొరికితే అందులో నీరు కలిసి ఉంటుంది కాబట్టి బరువు రెండున్నర రెట్లకు పైగా తీసుకోవాలి. పలుచని ఆకులను, పూరేకులను ఈ ద్రవంలో అరగంట నుంచి గంటవరకు నాననివ్వండి; మామిడి, మర్రి వంటి దళసరి ఆకులను రాత్రంతా ఉంచి, వెనకవైపు ఈనెల వెంట వేలితో కాస్త నలపండి. తుమ్మ, తంగేడు వంటి వగరెక్కువ మొక్కలతో మొదలుపెడితే తొలి ప్రయత్నంలోనే ఫలితం దక్కుతుంది. మోదుగపూల రేకులు, గోరింటాకు, చెరువులోని తుంగ, గుర్రపుడెక్క ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా అచ్చు వేస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు విషం, వయ్యారిభామ కొందరికి ఒంటిమీద దద్దుర్లు తెప్పిస్తుంది. ఈ మూడింటినీ వదిలేయండి.

ఇప్పుడు ఫిల్మును నీడపట్టున విప్పి, మీరు అనుకున్న పొడవుకు ముక్కలు చేసి, చెక్కపలక మీద పూత ఉన్న వైపు పైకి వచ్చేలా పరచండి. మెరుపు తక్కువగా ఉండి, లోపలికి ముడుచుకునే వైపే పూత. అనుమానం ఉంటే చివరన తడివేలితో తాకండి, అంటుకునే వైపు అదే. ఆకును ద్రవంలోంచి తీసి, కారే చుక్కలను దులిపి, ఫిల్ము మీద ఆనించి పలకను ఎండలో పెట్టండి. పావుగంట నుంచి గంట దాకా పట్టవచ్చు. ఆకు కిందనుంచి నలుపు పాకుతూ ఉంటే, ఆకు లేని చోట ఫిల్ము తనంతట తానే వెలుగుకు గోధుమరంగుకో ఊదాఛాయకో తిరుగుతుంది. పైన గాజుపలక పెట్టి బిగిస్తే ఈనెలు స్పష్టంగా వస్తాయి. నేను పెట్టను. గాలికి ఆకు కదిలితే దాని అంచు రెండుసార్లు పడుతుంది, చీమ నడిచి వెళితే తడి జాడ మిగులుతుంది. వాటిని లోపాలుగా భావించి తుడిచేస్తే అసలు కలిసి పనిచేయడమే ఆగిపోతుంది.

ఆకును తీసి, ఫిల్మును మంచినీళ్ళలో జాడించి, లీటరు నీటికి 200 గ్రాముల హైపో కలిపిన ద్రవంలో పది నిమిషాలు ఉంచండి. రంగు కొంత తేలికవుతుంది. దాన్ని చూసి భయపడి ముందే బయటికి తీయకండి, వెలుగుకు మారే లవణం మిగిలిపోతే కొన్ని రోజుల్లో ఫిల్మంతా మసకబారుతుంది. తరవాత నీళ్ళు మారుస్తూ అరగంట కడగాలి.

ఇక్కడ మన వాతావరణానికి సంబంధించిన హెచ్చరిక ఒకటి చెప్పాలి, ఎందుకంటే చలిదేశాలవారు రాసిన సూచనల్లో ఇది కనిపించదు. ఫిల్ము పూత జెలటిన్‌తో చేసింది. అది నీటిలో ఉబ్బుతుంది, వేడినీటిలో కరిగి జారిపోతుంది. వైశాఖంలో మిద్దెమీది ట్యాంకు నీళ్ళతో కడిగిన రోజున నా మూడు ముక్కల పూత మొత్తం వేళ్ళకు జిగురులా ఊడి వచ్చింది. కార్తీక మార్గశిరాల్లో ఈ పని పెట్టుకోవడం అన్నిటికంటే మేలు. వేసవిలో చేయక తప్పకపోతే తెల్లవారుజామున, కుండలో చల్లబరచిన నీటితో, వేడి 24 డిగ్రీలు దాటకుండా చూసుకుని చేయండి. బోరునీటిలో సున్నం ఎక్కువగా ఉంటే ఆరాక తెల్లటి మరకలు పడతాయి; చివరి జాడింపుకు బ్యాటరీల్లో పోసే శుద్ధజలం వాడండి. క్లిప్పులతో నీడలో వేలాడదీసి ఆరనివ్వండి.

వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది. నీటిలోని జీవులకు అది విషం కాబట్టి, దాన్ని చెరువులోనూ చెరువులోకి పారే కాలువలోనూ ఒక్క చుక్క కూడా పోయకూడదు. మూతగట్టి డబ్బాలో దాచి, వాడిన ఎక్స్‌రే ఫిక్సర్ నుంచి వెండి తీసేవారికి ఇవ్వండి. ఏ చెరువుతో కలిసి పనిచేస్తున్నామో దానికే హాని చేసే సినిమా తీయడం కంటే తీయకుండా ఉండటం మంచిది.

బురదకు అప్పగించడం

పూర్తిగా కడిగి ఆరబెట్టిన ప్రతి ముక్కనూ సగానికి కత్తిరించండి. ఒక సగాన్ని అలాగే దాచి, రెండో సగాన్ని దాని ఆకులు దొరికిన చోటికే తీసుకువెళ్ళి నీటి అంచున బురదలో పాతిపెట్టండి. జెలటిన్ జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసింది కాబట్టి మట్టిలోని సూక్ష్మజీవులకు అది ఆహారం. అవి తిన్న చోటల్లా అచ్చు మాయమై, అంచులు విచ్చి, నలుపు మధ్య తెల్లని దారులు పడతాయి. అంటే చెట్టు రాసినదాన్ని మట్టి దిద్దుతుంది.

దోమతెర గుడ్డతో సంచి కుట్టి, ఫిల్మును అందులో వదులుగా చుట్టి, జానెడు లోతున పెట్టి, దారాన్ని ఒడ్డున కర్రకు కట్టండి. ఎన్ని రోజులు ఉంచాలన్నది నీటి వెచ్చదనాన్ని బట్టి, బురద స్వభావాన్ని బట్టి మారుతుంది. నేను మొదటిసారి మూడు వారాలు ఉంచి తీస్తే అద్దంలా తేటపడిన ఉత్త ప్లాస్టిక్ పట్టీ చేతికొచ్చింది. అందుకని ముందు నాలుగు చిన్న ముక్కలు పాతి రెండో రోజున, నాలుగో రోజున, ఏడో రోజున, పదో రోజున ఒక్కొక్కటి తీసి చూడండి. మీ చెరువు ఎంత వేగంగా పనిచేస్తుందో తెలిశాక అసలు ముక్కలు అప్పగించండి. తీసిన ముక్కను రుద్దకుండా, ట్రేలోని నీటిలో ఊపుతూ బురద వదిలించాలి. తడిసిన పూత మీగడంత మెత్తగా ఉంటుంది. ఫిల్ము పట్టీ మట్టిలో కలిసిపోయేది కాదు కాబట్టి ఎన్ని పాతారో అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.

గాలి తిప్పే కెమెరా

ఆకుల అచ్చులు మాత్రమే ఉంటే చూసేవారికి చోటు తెలియదు. చెరువును బయటినుంచి చూపించే దృశ్యాలు కొన్ని కావాలి, వాటినీ మీరు ఎంచుకోకూడదు. పాత సైకిలు చక్రపు ఇరుసును నిలువుగా ఒక గుంజకు బిగించి, దానిమీద అడ్డంగా తేలికైన చెక్కపట్టీ అమర్చండి. ఒక కొసన ఫోను, రెండో కొసన గాలికి తోకలా పనిచేసే రేకు ముక్క. రెండు కొసల బరువూ సమంగా తూగాలి, లేకపోతే గాలికి బదులు బరువే దాన్ని తిప్పుతుంది. గాలి వీచినప్పుడు తోక గాలిపోయే దిక్కుకు మళ్ళుతుంది. ఫోను గాలి వచ్చే దిక్కును చూస్తుంది.

దీనివల్ల ఒక విశేషం జరుగుతుంది. మృగశిర కార్తె మొదలై నైరుతి పట్టుకున్నాక మీ కెమెరా నెలల తరబడి పడమటివైపే ఎక్కువగా చూస్తుంది. వర్షం ఎటునుంచి వస్తుందో అటే దాని చూపు ఉంటుంది. ఈశాన్య గాలి మళ్ళాక అదే గుంజమీది అదే కెమెరా వెనక్కి తిరిగి ఇంకో ఒడ్డును చూపిస్తుంది. ఒక్క చోటునుంచి కదలకుండా రెండు రుతువుల్లో రెండు వేర్వేరు చెరువులు వస్తాయి. వీలైతే రెండు కాలాల్లోనూ తీయండి. ఒక్కో చిత్రీకరణ పది నిమిషాలు. మధ్యలో చేయి పెట్టకూడదు.

నీటి లోపలి చప్పుడు

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఇత్తడిరంగు పీజో బిళ్ళ (కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది) ఒకటి తెచ్చి, కవచం ఉన్న తీగను టంకం వేసి, నీరు చొరకుండా రబ్బరు పూత రెండు మూడు పొరలు వేసి బాగా ఆరనిస్తే నీటిలో ముంచే మైకు తయారవుతుంది. చిన్న రికార్డరుకు తగిలించి మూరెడు లోతుకు దించండి. శబ్దం సన్నగా, లోతు తక్కువగా వస్తుంది. ఈ పనికి అది చాలు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం నీటి అడుగు మొక్కల నుంచి ప్రాణవాయువు బుడగలు విడివడుతూ టిక్కుటిక్కుమనడం వినిపిస్తుంది. నీటి పురుగుల్లో కొన్ని కాళ్ళు రాసి కీచురాళ్ళలా పలుకుతాయి. ఒడ్డున ఇరవై ఏళ్ళు కూర్చున్నవారు కూడా వినని చప్పుళ్ళు ఇవి. ఫిల్ము ఎండలో ఉన్నంతసేపూ అక్కడే రికార్డు చేసి, ఆ ముక్కకు ఆ శబ్దాన్నే వాడండి. వాద్యసంగీతం కలపవద్దని గట్టిగా చెబుతాను. వీణ వినిపించిన మరుక్షణం ప్రేక్షకుడు చెరువును వినడం మానేసి మీ భావాన్ని వింటాడు.

తరవాత ఎప్పుడైనా 16 ఎం.ఎం. ఫిల్ము, శబ్దం పలికే ప్రొజెక్టరు దొరికితే రికార్డరు కూడా అక్కరలేదు. ఆ ఫిల్ము అంచున శబ్దానికి కేటాయించిన పట్టీ మీదికి ఆకును జరగనిస్తే, ప్రొజెక్టరు ఆ ఈనెలనే శబ్దంగా చదువుతుంది. శబ్దాన్ని చదివే దీపం బొమ్మ కిటికీ తరవాత 26 ఫ్రేముల దూరాన ఉంటుంది కాబట్టి, మెరుపు తరవాత ఉరుములా, ఆకు కనిపించిన సెకనుకు దాని చప్పుడు వినిపిస్తుంది.

ఫ్రేములుగా మార్చడం, కూర్చడం

గీతలు గీయడానికి పిల్లలు వాడే ఎల్‌ఈడీ పలక మీద, నల్ల అట్టలో 24 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీ కోసి అంటించండి. పైన స్టాండుకు దగ్గరి దృశ్యాలు తీయగల కెమెరా బిగించి, వెలుగు, ఫోకస్ రెండూ మారకుండా లాక్ చేయండి. ఫిల్మును నాలుగేసి రంధ్రాలు జరుపుతూ ఒక్కో ఫోటో తీయాలి. జరపడంలో వచ్చే చిన్న వణుకును సరిచేయకండి. ఫోన్లోని ఏ స్టాప్‌మోషన్ యాప్ అయినా వీటిని సెకనుకు 12 ఫ్రేముల చొప్పున కలుపుతుంది.

కూర్పులో వరస ముందే తేలిపోయి ఉంది: తూము నుంచి మొదలై అలుగు దాకా, కట్టమీద మీరు నడిచిన దారి. ప్రతి చోటుకూ మొదట ఆకు ముద్రించిన సగం, తరవాత బురద తిన్న సగం, ఆ వెంటనే గాలి చూపించిన దృశ్యం. నోటుపుస్తకంలోని తేదీని, కార్తెను, చోటును, మొక్క పేరును ప్రతి ముక్క ముందూ తెల్ల అక్షరాల్లో చూపించండి. మొక్క పేరు పుస్తకంలోది కాకుండా ఆ ఊళ్ళో పిలిచేదే అయి ఉండాలి. తెలియకపోతే అడిగి రాసుకోండి. ఆ ఒక్క ప్రశ్నతో ఒడ్డున ఉన్న పెద్దవాళ్ళు మీ సినిమాలోకి వస్తారు.

మొదటి ప్రదర్శన అదే కట్టమీద, అనుమతి ఇచ్చినవారి ముందు జరగాలి. రెండు గుంజల మధ్య తెల్ల పంచె కట్టి, పొద్దుగుంకిన తరవాత వేయండి. తొలకరి రోజులైతే ప్రొజెక్టరు వెలుగుకు ఉసుళ్ళు వచ్చి తెరమీద వాలతాయి, వాటి నీడలు ఆకుల మీద పడతాయి. తోలకండి. ప్రొజెక్టరు గాలి రంధ్రాలకు మాత్రం ముందుగానే పలుచని దోమతెర గుడ్డ కట్టి, అది గాలిని ఆపేయకుండా మధ్యమధ్య చేయి పెట్టి వేడి చూసుకోండి.